టూరిజం మీదే ఒక దేశం బతకగలదా? మా ఇంట్లో పెద్ద వాదన నడుస్తోంది

గండికోట_దారి
మా చిన్నాయన కొడుకు మాల్దీవుల్లో ఒక రిసార్టు వంటగదిలో పని చేస్తాడు. సంక్రాంతికి జమ్మలమడుగు వచ్చినప్పుడు మొదలైంది ఈ గొడవ. "ఆ దేశంలో వరి లేదు, ఫ్యాక్టరీ లేదు, తాగే నీళ్లు కూడా సముద్రపు నీళ్లలో ఉప్పు తీసేసి తాగుతారు. అయినా మనకంటే బాగా బతుకుతున్నారు. అంతా టూరిస్టుల డబ్బే. మీరేమో గండికోటను పక్కన పెట్టుకొని చీనీ (బత్తాయి) చెట్లకు ట్యాంకర్లతో నీళ్లు తోలుతున్నారు" అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. మూడెకరాల చీనీ తోట అమ్మేసి, కోటకు పోయే రోడ్డు పక్కన మాకున్న స్థలంలో పన్నెండు గదుల లాడ్జి కడదామని నా ఆలోచన. మా నాయన ససేమిరా అంటున్నాడు. "చూసిపోయేవాళ్లను నమ్ముకొని ఎవరూ సంసారం చేయలేదు" అనేది ఆయన మాట.

లాడ్జి సంగతి తర్వాత. ముందు అసలు ప్రశ్న: ఒక చిన్న పేద దేశం టూరిజం మీదే నిలబడగలదా? దేశమే నిలబడితే ఒక ఇల్లు ఎందుకు నిలబడదు? తెలిసినవాళ్లు చెప్పండి. నేను నిజంగానే తేల్చుకోలేకపోతున్నాను.

బురుజు_నీడ
నిలబడదు. 2020 చూశాం కదా.

ఎర్రమల_గాలి
ఒక్క మాటతో కొట్టేస్తే ఎట్లా అన్నా. మాల్దీవుల్లో మొదటి రిసార్టు తెరిచింది 1972లో. అంతకుముందు వాళ్లకు ఉన్నవి చేపలు, కొబ్బరి చెట్లు. ఎండబెట్టిన చేపలు శ్రీలంకకు అమ్ముకొని బియ్యం తెచ్చుకునేవాళ్లు. 2011లో ఐక్యరాజ్య సమితి ఆ దేశాన్ని బాగా వెనుకబడిన దేశాల జాబితా నుంచి తీసేసింది. జనాభా ఐదు లక్షల పైచిలుకు, ఇంచుమించు మన కర్నూలు నగరమంత. 2024లో వచ్చిన టూరిస్టులు 20 లక్షలకు పైనే. ఇంట్లో ఒక మనిషి ఉంటే గడపలోకి నలుగురు చుట్టాలు వచ్చినట్టు, అదీ డబ్బులిచ్చే చుట్టాలు! దీన్ని బతకడం అనకపోతే ఇంకేమంటారు?

అనంత_ఎకనామిక్స్
నేను డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను. నా వైపు నుంచి రెండు విషయాలు.

మొదటిది బురుజు_నీడ గారు ఎత్తిన 2020. మాల్దీవులు మార్చి నెలాఖరున తలుపులు మూసి, జూలై 15న మళ్లీ తెరిచాయి. మూడున్నర నెలలు. ఆ ఒక్క ఏడాదిలో దేశ జీడీపీ దాదాపు మూడో వంతు పడిపోయింది. అదే ఏడాది మన దేశం ఎంత అల్లాడిందో అందరికీ గుర్తుంది. మన పతనం శాతం అందులో నాలుగో వంతు కూడా లేదు. మనకు సేద్యం ఆగలేదు కాబట్టి. వాళ్లకు ఆగనిది చేపల వేట ఒక్కటే.

రెండోది ఇంకా ముఖ్యం. టూరిస్టు ఎంత ఇచ్చాడనేది కాదు, ఇచ్చినదాంట్లో ఆ నేల మీద ఎంత మిగిలిందనేది చూడాలి. విమానం వేరే దేశానిది. హోటల్ పేరు వేరే దేశపు కంపెనీది, లాభంలో వాటా వాళ్లకు. ప్లేట్లో మాంసం, పళ్లు, వెన్న ఓడలో వచ్చినవి. బుకింగ్ వెబ్‌సైటుకు కమీషన్. పనివాళ్లలో చాలామంది బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక వాళ్లు, జీతం ఇంటికి పంపేస్తారు. దీన్నే మావాళ్లు లీకేజీ అంటారు. చిల్లు కుండలో నీళ్లు పోస్తే ఎన్ని బిందెలు పోశామన్న లెక్క ఎందుకు పనికొస్తుంది?

బురుజు_నీడ
అదే నేను చెప్పాలనుకున్నది. ఇంత వివరంగా రాయడం నాకు రాదు సార్.

ఎర్రమల_గాలి
చిల్లు కుండే అనుకుందాం. కానీ పోసే నీళ్లు ఎక్కువైతే అడుగున మిగిలేవి కూడా ఎక్కువే కదా సార్. ఒక్కో టూరిస్టు మీద 17 శాతం జీఎస్టీ, అది కాక రిసార్టులో రోజుకు 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్ తీసుకుంటున్నారు. ఆ డబ్బుతోనే కదా బళ్లు, ఆసుపత్రులు నడిచేది. 1972లో అక్కడ ఏముంది?

మాలె_వంటోడు
ఈ గొడవకు కారణం నేనే. గండికోట_దారి మా పెదనాయన కొడుకు. లింకు పంపించి చదవమన్నాడు.

నేను అన్న మాట వెనక్కి తీసుకోను. కానీ పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతా. మా వంటగదిలోకి వచ్చే ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, గుడ్లు, పప్పు ఇండియావి. 2023 డిసెంబరులో ఇండియా ఉల్లి ఎగుమతులు ఆపినా, 2024లో మాల్దీవులకు మాత్రం కోటా ఇచ్చింది, లేకపోతే అక్కడ కూర ఉడకదు. మా దీవిలో పండేది కొబ్బరికాయ, కొన్ని ఆకుకూరలు. చేప మాత్రం వాళ్లదే, చాలా మంచి చేప.

2020 ఏప్రిల్‌లో మా రిసార్టులో ఒక్క అతిథి లేడు. జీతం సగం చేశారు, తర్వాత నెల అసలే లేదు. మే నెలలో మన నేవీ ఓడ ఐఎన్ఎస్ జలాశ్వ మాలె వచ్చింది. దాదాపు ఏడు వందల మందిమి ఎక్కాం. కొచ్చిలో దిగి, అక్కడి నుంచి కడపకు బస్సు, ఆ తర్వాత క్వారంటైన్. అన్నం పెట్టింది మా పెదనాయన చీనీ తోటే. ఆ సంగతి సంక్రాంతికి ఇంట్లో వాదించేటప్పుడు నాకు గుర్తు రాలేదు, పెదనాయన కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను నోరు మూసుకునేవాడిని.

గండికోట_దారి
నాయనకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, లేచి తోటలోకి వెళ్లిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడని అమ్మ చెప్పింది.

బుడ్డల_చేను
పెద్దాయనకు నా దండం చెప్పన్నా.

కువైట్_రాజంపేట
టూరిజం గురించి మాట్లాడుతున్నారు సరే. మనుషుల్ని పిలిచే దేశం ఒక రకం, మనుషుల్ని పంపే దేశం ఇంకో రకం. నేపాల్ చూడండి. అంత పెద్ద ఎవరెస్టు ఉంది, 2024లో 11 లక్షల మందికి పైగా వచ్చారు. అయినా ఆ దేశాన్ని నిలబెడుతున్నది గల్ఫ్‌లో, మలేషియాలో, మన దేశంలో పనిచేసే నేపాలీలు పంపే డబ్బే. అది వాళ్ల జీడీపీలో నాలుగో వంతు దగ్గర ఉంటుంది. నా రూములో ఇద్దరు నేపాలీలు ఉన్నారు, ఒకాయనది ట్రెక్కింగ్ దారిలో ఉన్న ఊరే. టూరిస్టులు వాళ్ల ఇంటి ముందు నుంచే నడిచిపోతారంట. ఆయన మాత్రం ఇక్కడ లిఫ్టులు తుడుస్తున్నాడు.

ఎర్రమల_గాలి
గల్ఫ్ డబ్బు మాత్రం గట్టిదా అన్నా?

కువైట్_రాజంపేట
గట్టిది కాదు తమ్ముడూ. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడినప్పుడు మా నాయన ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో కట్టుబట్టలతో వచ్చాడు. రాజంపేట, రాయచోటి వైపు ఇట్లాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే చెబుతున్నా, బయటివాళ్ల చేతిలో ఉన్న ఏ డబ్బయినా అంతే. అది టూరిస్టు డబ్బు కానీ, షేకు డబ్బు కానీ.

పుట్టపర్తి_అంగడి
మాల్దీవుల దాకా పోవద్దు. మా ఊరు చూడండి. ఇది నేను పుట్టి పెరిగిన ఊరు కాబట్టి ధైర్యంగా చెబుతున్నా.

మా నాయనది టైలరింగ్ అంగడి. తెల్ల లాల్చీలు, పైజామాలు, చుడీదార్లు. సాయంత్రం కొలతలు ఇస్తే పొద్దునకు కుట్టి ఇచ్చేవాళ్లం. ఇటలీ వాళ్లు, రష్యా వాళ్లు, అర్జెంటీనా వాళ్లు వచ్చేవాళ్లు. నాకు తొమ్మిదో క్లాసులోనే ఇటాలియన్‌లో బేరం చేయడం వచ్చు. మా వీధిలో ప్రతి ఇంటి మీద ఒక అంతస్తు లేచింది, ఆ అంతస్తు మీద ఇంకోటి లేచింది. అన్నీ బాడుగకే. సేద్యం చేసేవాళ్లు కూడా చేను వదిలి అంగడి పెట్టారు. మా మామ బుడ్డల (వేరుశనగ) చేను అమ్మి ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు.

2011 ఏప్రిల్ 24న సత్యసాయి బాబా, మా స్వామి, కన్నుమూశారు. ఆ నెల జనం ఇసక వేస్తే రాలనంత. ఆ తర్వాత తగ్గుతూ తగ్గుతూ పోయారు. ఎంత తగ్గారో అంకెలు నా దగ్గర లేవు, మా నాయన లెక్కల పుస్తకం ఉంది. రోజుకు పదిహేను జతలు కుట్టే అంగడి వారానికి పదిహేనుకు వచ్చింది. మామ ఇంటర్నెట్ సెంటర్ మూసి బెంగళూరులో సెక్యూరిటీ పనికి వెళ్లాడు. ఖాళీ గదులకు తాళాలు పడ్డాయి. అప్పుడు అమ్మ అన్న మాట ఇంకా గుర్తుంది: "వాన రాకపోతే ఇంకో ఏడు చూస్తాం, మనుషులు రాకపోతే ఎవర్ని చూడాలి?"

అయినా ఊరు చచ్చిపోలేదు. ఎందుకు? సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, కాలేజీలున్నాయి. అవి ఏ సీజన్‌కూ మూతపడవు. 2022 ఏప్రిల్‌లో మాది జిల్లా కేంద్రమయ్యాక ఉద్యోగులు బాడుగకు దిగారు. వాళ్లు నెలకు ఇచ్చేది తక్కువే, కానీ పన్నెండు నెలలూ ఇస్తారు. 2025 నవంబరులో స్వామి శతజయంతి ఉత్సవాలప్పుడు మళ్లీ పాత రోజులు కనబడ్డాయి. పది రోజుల్లో మూడు నెలల సంపాదన వచ్చింది. సంతోషంగా కుట్టాను. కానీ ఈసారి గది కట్టలేదు. ఆ డబ్బుతో పాపకు నర్సింగ్ ఫీజు కట్టాను.

అనంత_ఎకనామిక్స్
అక్కా, మీ అమ్మగారి మాట రేపు నా క్లాసులో చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెబుతాను.

పుట్టపర్తి_అంగడి
చెప్పండి సార్. అమ్మకు సంతోషం.

బులెట్_బత్తలపల్లి
నేను 2023లో భూటాన్ వెళ్లొచ్చా. వాళ్ల పద్ధతి వేరు. 1974లో తలుపులు తెరిచిన రోజు నుంచీ తక్కువ మంది రావాలి, ఎక్కువ ఖర్చు పెట్టాలి అనేదే లెక్క. విదేశీయుల మీద రాత్రికి 65 డాలర్లు ఉన్న ఫీజును కరోనా తర్వాత, 2022 సెప్టెంబరులో, 200 చేశారు. జనం రాలేదు. ఏడాదికే 100కు దించారు. మన ఇండియన్లకు రాత్రికి 1,200 రూపాయలు. ఊరు శుభ్రంగా ఉంటుంది, అడవి అడవిలా ఉంటుంది. ఒక్క ప్లాస్టిక్ కవరు చూడలేదు నేను.

ఓర్వకల్లు_డ్రైవర్
అన్నా మన గండికోటకు కూడా అట్లా ఫీజు పెడితే?

బులెట్_బత్తలపల్లి
మన కోటకు మన ఊరోళ్లు ఫీజు కట్టాలంటే నేనే ముందు ధర్నా చేస్తా. అయితే బండికి పార్కింగ్ రుసుము తీసుకొని చెత్త ఎత్తిస్తే ఇస్తా.

అనంత_ఎకనామిక్స్
భూటాన్ గురించి ఒక మాట మరిచిపోయారు. ఆ దేశం ఇంత నిబ్బరంగా "తక్కువ మంది చాలు" అనగలగడానికి కారణం కరెంటు. చుఖా, తాలా ప్రాజెక్టుల నుంచి మనకే జలవిద్యుత్తు అమ్ముతారు. తాలా ఒక్కటే 1,020 మెగావాట్లు. నదుల మీద ఆదాయం ఉంది కాబట్టి టూరిస్టుకు షరతులు పెట్టగలిగారు. వేరే ఆదాయం లేనివాడు వచ్చినవాడికల్లా తల ఊపాల్సిందే.

ఎర్రమల_గాలి
సార్, మీరు చెప్పేది ఒప్పుకుంటా. ఒక ప్రశ్నకు మాత్రం జవాబివ్వండి. 2024 జనవరిలో మనవాళ్లు మాల్దీవులు బాయ్‌కాట్ అన్నారు. 2023లో రెండు లక్షలకు పైగా వెళ్లిన ఇండియన్లు 2024లో లక్షా ముప్పై వేలకు పడిపోయారు. అయినా ఆ ఏడాది మొత్తం సంఖ్య పెరిగింది, చైనా వాళ్లు, రష్యా వాళ్లు, యూరప్ వాళ్లు వచ్చారు. అంటే ఒక గిరాకీ పోతే ఇంకో గిరాకీ వస్తుంది. పత్తి రేటు పడితే రైతుకు అట్లా ఇంకో గిరాకీ వస్తుందా?

అనంత_ఎకనామిక్స్
మంచి ప్రశ్న. ఒక దేశం వాళ్లు అలిగితే తట్టుకోగలరని అది చూపించింది, నేను కాదనను. కానీ అదే 2024 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. 20 లక్షల మంది వచ్చిన ఏడాదిలోనే ఆ దేశం దగ్గర డాలర్లు నిండుకున్నాయి. మన రిజర్వు బ్యాంకు 40 కోట్ల డాలర్లు, అది కాక 3,000 కోట్ల రూపాయల సర్దుబాటు ఒప్పందం చేసుకుంటే కానీ ఊపిరాడలేదు. అంతమంది అతిథులు వచ్చిన ఇంట్లో చిల్లర లేదు! వచ్చిన డాలర్లు దిగుమతులకు, పాత అప్పులకు పోయాయి. రిసార్టుల డబ్బు చాలా వరకు బయటి బ్యాంకుల్లోనే ఉండేది. అందులో కొంత భాగమైనా దేశంలోని బ్యాంకుల్లో మార్చాలని చివరికి చట్టం చేయాల్సి వచ్చింది.

బురుజు_నీడ
శ్రీలంక మునిగింది కూడా ఇట్లాగే.

రామాయణం_టూర్
బురుజు_నీడ గారూ, శ్రీలంకది పూర్తిగా ఇట్లాగే కాదు. నేను ఆదోని నుంచి నలభై మంది పెద్దవాళ్లను తీసుకొని 2019 మార్చిలో మొదటిసారి వెళ్లాను. సీతా ఏలియ గుడి, నువరా ఏలియ, క్యాండీ అన్నీ తిప్పాడు ఒక డ్రైవరు. ఆ ముందు ఏడాది, 2018లో, వాళ్లకు 23 లక్షల మంది టూరిస్టులు. డ్రైవరు అప్పు చేసి కొత్త వ్యాను కొన్నాడు, గర్వంగా చూపించాడు. మేం తిరిగొచ్చిన నెలకే ఏప్రిల్ 21న ఈస్టర్ బాంబులు. 250 మందికి పైగా చనిపోయారు. తర్వాత కరోనా. 2021లో దేశం మొత్తానికి వచ్చింది రెండు లక్షల లోపే. వ్యాను పోయింది. 2023లో మళ్లీ వెళ్లినప్పుడు అదే మనిషి, వేరేవాళ్ల వ్యానుకు జీతానికి ఉన్నాడు. మా పెద్దవాళ్లను గుర్తుపట్టి పేర్లు పెట్టి పలకరించాడు. మా అమ్మ ఏడ్చేసింది.

కానీ దేశం దివాలాకు అదొక్కటే కారణం కాదు. 2019 చివర్లో పన్నులు బాగా తగ్గించారు, విదేశీ అప్పులు అప్పటికే పేరుకున్నాయి, 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు, వరి, టీ రెండూ దెబ్బతిన్నాయి. ఇన్ని తప్పుల మధ్య టూరిస్టు డాలరు కూడా లేకపోయేసరికి కూలిపోయింది. మళ్లీ లేవడానికి కూడా ఆ డాలరే సాయపడింది, 2024లో 20 లక్షలు దాటారు.

బుడ్డల_చేను
ఎరువుల సంగతి చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. రైతును అడగకుండా రాత్రికి రాత్రి...

బెలుం_టీకొట్టు
పెద్ద పెద్ద దేశాల గురించి నాకు తెలీదు. బెలుం గుహల దగ్గర మాది టీ, బజ్జీల కొట్టు. పదేళ్లుగా చూస్తున్నా కాబట్టి రాస్తున్నా.

గుహ 3,229 మీటర్ల పొడవు, చూడనిచ్చేది కిలోమీటరున్నర. లోపలికి పోయి పాతాళగంగ దాకా దిగి ఎక్కి రావడానికి గంటన్నర. చెమటతో తడిసి బయటికి వచ్చి ఒక నీళ్ల బాటిలు, ఒక టీ, కొంతమంది మిరపకాయ బజ్జీ. తర్వాత కారెక్కి వెళ్లిపోతారు. రాత్రి ఉండేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. పెద్ద బస్సుల్లో వచ్చేవాళ్లు పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో తెచ్చుకుంటారు, నేను తప్పు పట్టను, నేనైనా అంతే. శని, ఆదివారాలు నిలబడడానికి టైముండదు. మంగళవారం కుక్క కూడా రాదు. ఏప్రిల్, మే నెలల్లో మా ఆయన నాపరాళ్ల ఫ్యాక్టరీలో పనికి పోతాడు. ఆ రాళ్ల పని లేకపోతే ఈ కొట్టు ఎప్పుడో మూసేవాళ్లం.

లాడ్జి అన్న తమ్ముడికి నా మాట ఇది: మీ కోటకు వచ్చేవాళ్లు రాత్రి ఉంటున్నారా, చూసి వెళ్తున్నారా? అది లెక్కపెట్టుకో ముందు.

ఓర్వకల్లు_డ్రైవర్
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను యాగంటి, బెలుం, గండికోట, అహోబిలం రౌండ్ తిప్పుతా. బెంగళూరు, హైదరాబాదు పిల్లలు గండికోటలో మాత్రం రాత్రి ఉంటారు, పొద్దున పెన్నా లోయ మీద సూర్యుడు చూడాలని. టెంట్లలో ఉంటారు. కుటుంబాలు ఉండవు. కుటుంబంతో వచ్చే ఆడవాళ్లు నన్ను మొదట అడిగేది "బాత్రూం ఎక్కడుంది?" అని. సూర్యుడు ఎంత బాగున్నా బాత్రూం లేకపోతే ఎవరూ ఆగరు.

బేరం_బెంచీ
గండికోటకు 2024 చివర్లో కేంద్రం దాదాపు 78 కోట్లు ఇచ్చింది కదా. అది పూర్తయితే పరిస్థితి మారచ్చు.

ఓర్వకల్లు_డ్రైవర్
మారాలనే నా కోరిక కూడా. బాడుగలు పెరిగితే ముందు సంతోషపడేది నేనే.

కొరింగ_వారసులు
మారిషస్ గురించి ఎవరూ ఎత్తలేదేం? కడపలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాక అక్కడ మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాను. మన తెలుగువాళ్లు కొరింగ రేవు నుంచి చెరకు తోటల కూలికి వెళ్లిన దేశం. ఉగాది అక్కడ జాతీయ సెలవు. ఆ రోజు పచ్చడి చేసిన ముసలమ్మకు తెలుగు పది మాటలే వచ్చు, అయినా పచ్చడి మాత్రం మనదే, వేపపువ్వుతో సహా.

1968లో స్వాతంత్య్రం వచ్చేనాటికి వాళ్లకు చెరకు తప్ప ఏమీ లేదు. ఆ దేశం బాగుపడటం కష్టమని జేమ్స్ మీడ్ లాంటి పెద్ద ఆర్థికవేత్త అప్పటికే చెప్పేశాడు. తర్వాత ఆయనకు నోబెల్ కూడా వచ్చింది, మారిషస్ విషయంలో మాత్రం ఆయన భయం తప్పింది. ఎందుకంటే వాళ్లు ఒకదాని మీద ఆగలేదు. చెరకు డబ్బు బాగున్నప్పుడే బట్టల ఫ్యాక్టరీలు పెట్టారు. బట్టలు నడుస్తుండగానే హోటళ్లు కట్టారు. హోటళ్లు నిండుతుండగానే బ్యాంకింగ్ వైపు వెళ్లారు. చదువు ఉచితం చేశారు. 2020లో కరోనాతో విమానాలు ఆగాయి, దానికి తోడు ఆ జూలైలో ఒక జపాన్ ఓడ పగడపు దిబ్బకెక్కి సముద్రమంతా నూనె అయ్యింది. దెబ్బ గట్టిగానే తగిలింది. కానీ లేచారు.

ఎర్రమల_గాలి
అంటే టూరిజం ఉండచ్చు, మొదటిది కాకూడదు, ఒక్కటే కాకూడదు. ఇది నాకు నచ్చింది సార్. ఇంతసేపూ ఎవరూ ఇట్లా చెప్పలేదు.

బురుజు_నీడ
నేను మొదట చెప్పిన "నిలబడదు" కూడా కొంచెం తొందరపాటే. ఒంటి కాలి మీద నిలబడదు అని రాసి ఉండాల్సింది.

కొరింగ_వారసులు
గండికోట_దారి బాబూ, నువ్వు లాడ్జి సంగతి తర్వాత అన్నావు. ముప్పై ఏళ్లు లోన్ల కాగితాలు చూసినవాడిని, అడుగుతున్నా. తోట అమ్మితే సరిపోతుందా, అప్పు కూడా కావాలా? ఎంత?

గండికోట_దారి
తోట అమ్మాక కూడా ఇంకో అరవై లక్షలు అప్పు కావాలి సార్. గదికి రాత్రికి 1,500 అనుకున్నా.

కొరింగ_వారసులు
అయితే రాసుకో. అరవై లక్షలు, 10 శాతం వడ్డీ, పదేళ్లు. నెల కిస్తీ సుమారు 79 వేలు. బెలుం అక్క చెప్పినట్టు శని, ఆదివారాలే అనుకుందాం. నెలకు ఎనిమిది రాత్రులు, పన్నెండు గదులూ నిండాయనుకో: 96 గదులు, 1,44,000. బుకింగ్ యాప్ కమీషన్‌కు పాతిక వేలు తీసెయ్. ముగ్గురు పనివాళ్లకు 36 వేలు. కరెంటు, దుప్పట్లు ఉతకడం, రిపేర్లు 20 వేలు. మిగిలింది 63 వేలు. అన్నీ నిండినా కిస్తీకి పదహారు వేలు తక్కువ. ఏప్రిల్, మే ఎండలకు మన వైపు ఎవరు వస్తారు? ఆ రెండు నెలలు కిస్తీ తోటలోంచి తెద్దామంటే తోట ఉండదు.

శ్రీలంక చేసింది కూడా ఇదే. 2013లో మత్తలలో అప్పు తెచ్చి అంతర్జాతీయ విమానాశ్రయం కట్టారు. రన్‌వే ఉంది, విమానాలు రాలేదు. ముందు గిరాకీ, తర్వాత గది.

గండికోట_దారి
ఈ లెక్క నేను ఎప్పుడూ ఇట్లా వేయలేదు. నిండితే ఎంత వస్తుందని వేశాను, నిండకపోతే ఏం చేయాలని వేయలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదు, టెన్షన్.

మాలె_వంటోడు
తమ్ముడూ, టెన్షన్ పడకు. నేను ఒకటి చెబుతా విను. మాల్దీవుల్లో పెద్ద రిసార్టులు ఒక దీవి, ఊళ్లు ఇంకో దీవి. చాలా ఏళ్లు ఊళ్లలో టూరిస్టులను ఉండనివ్వలేదు. పదిహేనేళ్ల కిందట గెస్ట్‌హౌసులకు అనుమతి ఇచ్చాక మామూలు కుటుంబాలు ఇంటి పైన రెండు, మూడు గదులు వేసుకున్నాయి. మా దగ్గర పడవ నడిపే ఆయన ఇల్లు అట్లాంటిదే. భార్య వంట చేస్తుంది, కొడుకు చేపల వేటకు తీసుకుపోతాడు. సీజన్ లేనప్పుడు ఆయన చేపలు పట్టుకొని అమ్ముకుంటాడు. గది ఖాళీగా ఉన్నా ఎవరికీ బాకీ లేదు. రిసార్టు డబ్బు ఎక్కడికి పోతుందో నాకు తెలీదు, ఆయన డబ్బు మాత్రం ఆ వీధిలోనే తిరగడం నేను చూశాను.

మన మిద్దె మీద రెండు గదులు వేయి. రెండు మంచి బాత్రూములు కట్టు, డ్రైవరన్న చెప్పినట్టు. తోట ముట్టుకోకు.

బెలుం_టీకొట్టు
ఆ తోటనే చూపించు తమ్ముడూ. సిటీ పిల్లలు చెట్టు మీద చీనీకాయ చూసి ఎగిరి గంతేస్తారు. మొన్న ఒకమ్మాయి నన్ను బుడ్డలు చెట్టుకు ఎక్కడ కాస్తాయని అడిగింది.

బుడ్డల_చేను
మా చేనుకు పంపక్కా, పీకి చూపిస్తా.

గండికోట_దారి
పది రోజుల తర్వాత రాస్తున్నా. నాయన, నేను కూర్చొని మాట్లాడుకున్నాం. తోట అమ్మడం లేదు. మిద్దె మీద రెండు గదులకు పునాది అక్కర్లేదు, గోడలు లేపితే చాలని మేస్త్రీ చెప్పాడు. డబ్బు ఈ ఏడు చీనీ కోతలోంచి కొంత, మిగతాది అన్న పంపుతానన్నాడు. అప్పు లేదు. బాత్రూముల టైల్స్ నాయనే స్వయంగా ప్రొద్దుటూరు పోయి తెచ్చాడు. జారనివి కావాలని అడిగి మరీ తెచ్చాడు, పెద్దవాళ్లు వస్తారు కదా అని.

రామాయణం_టూర్
నవంబరులో మా ఆదోని పెద్దవాళ్లు నలుగురిని తీసుకొస్తా. రాత్రికి సంగటి, నాటుకోడి దొరుకుతుందా?

గండికోట_దారి
దొరుకుతుంది సార్. ఒకరోజు ముందు ఫోన్ చేయండి, రాగులు ఆడించాలి. అమ్మ పాత పిండి వాడదు.